రేడియో కంట్రోల్ కారు ట్రాన్స్‌మిటర్: మధ్య శ్రేణి ఎంపిక

రేడియో కంట్రోల్ కారు (ఆర్‌సి కారు) నడిపే మనిషి చేతి కదలికలను రేడియో తరంగాలుగా మార్చి కారుకు చేరవేసే పరికరం ట్రాన్స్‌మిటర్. ఇంట్లో పిల్లలు దీన్ని రిమోట్ అంటారు, ఈ అభిరుచి ఉన్నవారు రేడియో అంటారు. కారులో ఉండే రిసీవర్ ఆ తరంగాలను అందుకుని స్టీరింగు తిప్పే సర్వో మోటారుకూ, వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్‌కూ (ఈఎస్‌సి) ఆదేశాలు ఇస్తుంది. బొమ్మ కార్లతో పెట్టెలోనే వచ్చే రిమోట్‌లు ఒక కొస, పోటీదారులు వాడే ఖరీదైన రేడియోలు మరో కొస. ఈ రెండింటి మధ్య ఉన్న శ్రేణి అభిరుచిదారుల్లో ఎక్కువమందికి సరిపోతుంది. ఈ వ్యాసం ఆ మధ్య శ్రేణి రేడియోను ఎంచుకునే పద్ధతినీ, గుంటూరు జిల్లా ప్రత్తిపాడు చుట్టూ ఉన్న పత్తి, మిర్చి మైదానం వంటి చోట దాని వాడకాన్నీ వివరిస్తుంది.

ఎంపికలో అన్నిటికన్నా ముందు చూడవలసినది రిసీవర్. ఆర్‌సి కారులో మోటారు కాలిపోవచ్చు, టైర్లు అరిగిపోతాయి, కొన్నాళ్లకు కారే మారిపోతుంది. రేడియో మాత్రం ఏళ్ల తరబడి చేతిలో ఉంటుంది. అయితే ఒక సంస్థ రేడియో మరో సంస్థ రిసీవర్‌తో సాధారణంగా కలవదు. కాబట్టి రేడియో కొనడమంటే ఆ సంస్థ రిసీవర్లను కూడా వరుసగా కొనుక్కోవడానికి ఒప్పుకోవడమే.

పనిచేసే తీరు

కారు రేడియోలో రెండు ముఖ్యమైన మీటలు ఉంటాయి: ఒకటి స్టీరింగు, రెండోది వేగాన్ని అదుపు చేసే థ్రాటిల్. వీటి స్థానాన్ని పొటెన్షియోమీటరు గానీ, అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ గానీ కొలుస్తుంది. ఆ కొలతను రేడియోలోని మైక్రోకంట్రోలర్ అంకెలుగా మార్చి ప్రసారం చేస్తుంది. సంకేతంలో పూర్తి ఎడమ నుంచి పూర్తి కుడి దాకా ఉన్న కదలికను 1024, 2048 లేదా 4096 మెట్లుగా విభజిస్తారు. మెట్లు పెరిగేకొద్దీ సున్నితత్వం పెరుగుతుంది.

రిసీవర్ నుంచి సర్వోకు వెళ్లే ఆదేశం ఒక విద్యుత్ పల్స్. దాని నిడివి 1.5 మిల్లీసెకన్లు ఉంటే చక్రాలు తిన్నగా నిలుస్తాయి. 1 మిల్లీసెకనుకు తగ్గితే ఒక పక్కకు, 2 మిల్లీసెకన్లకు పెరిగితే మరో పక్కకు తిరుగుతాయి. ఈఎస్‌సి కూడా ఈ భాషనే అర్థం చేసుకుంటుంది: మధ్య విలువకు ఆగడం, ఒక వైపుకు ముందుకు పోవడం, రెండో వైపుకు బ్రేకు లేదా వెనక్కి నడవడం. సర్వోలూ ఈఎస్‌సిలూ ఏ సంస్థవైనా ఈ పద్ధతిని పాటిస్తాయి కాబట్టి ఎవరి రిసీవర్‌కైనా వాటిని తగిలించవచ్చు. పేచీ వచ్చేది రేడియోకూ రిసీవర్‌కూ మధ్య గాలిలో నడిచే సంభాషణ దగ్గర. ఆ సంభాషణ పద్ధతిని ప్రోటోకాల్ అంటారు. దాదాపు ప్రతి సంస్థా సొంత ప్రోటోకాల్ పెట్టుకుంది.

రేడియోను, రిసీవర్‌ను ఒకదానికొకటి పరిచయం చేసే పనిని బైండ్ చేయడం అంటారు. బైండ్ అయిన రిసీవర్ తన రేడియో గుర్తింపు సంఖ్య ఉన్న సంకేతాలనే పాటిస్తుంది, మిగతావాటిని పట్టించుకోదు.

చరిత్ర

తీగ లేకుండా దూరాన ఉన్న వస్తువును కదిలించాలన్న ఆలోచన రేడియో పుట్టుకతోనే వచ్చింది. జగదీశ్ చంద్ర బోస్ 1895లో కలకత్తా టౌన్‌హాల్‌లో విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి, అవతల గంట మోగించి, తుపాకి మందును పేల్చి చూపాడు. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీటి తొట్టిలో చిన్న పడవను రేడియోతో నడిపాడు. కదిలే నౌకలు, వాహనాల నియంత్రణకు ఆయన పొందిన అమెరికా పేటెంటు సంఖ్య 6,13,809. దాని తేదీ 1898 నవంబరు 8.

అమ్మకానికి వచ్చిన తొలి ఆర్‌సి కార్లలో ఒకటిగా ఇటలీ సంస్థ ఎలెట్రోనికా జోకాట్టోలి 1966లో తెచ్చిన ఫెరారీ 250 ఎల్‌ఎమ్ నమూనాను చెబుతారు. 1976లో జపాన్‌లోని షిజువోకాకు చెందిన టమియా సంస్థ పోర్షే 934 నమూనాను విడుదల చేయడంతో విడిభాగాలు తెచ్చుకుని కారును ఇంట్లోనే బిగించుకునే అలవాటు ప్రపంచమంతా పాకింది.

ఆ తరం రేడియోలు 27 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేసేవి. ఆ తరంగం పొడవు 11 మీటర్లు కాబట్టి రేడియోకు బారెడు ఏంటెనా, కారు వెనక తోకలా తీగ తప్పేవి కావు. 26.995 నుంచి 27.255 మెగాహెర్ట్జ్ దాకా ఆరు ఛానళ్లకు గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం రంగులు గుర్తులు. రేడియోలోనూ రిసీవర్‌లోనూ పౌనఃపున్యాన్ని నిర్ణయించే క్రిస్టల్‌ను ఒకే రంగుది పెట్టాల్సి వచ్చేది. ఇద్దరి దగ్గర ఒకే రంగు ఉంటే ఒకరి కారు మరొకరి మాట వినేది. అందుకే పోటీల్లో ఎవరు ఏ రంగు వాడుతున్నారో బోర్డు మీద రాసి, వంతులు వేసుకునేవారు.

2000ల మధ్యలో 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాక ఈ బెడద పోయింది. వీటికి మూలమైన ఆలోచన పాతదే. నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి 1942 ఆగస్టు 11న పొందిన పేటెంటులో టార్పెడోను నడిపే సంకేతాన్ని ఒక పౌనఃపున్యం నుంచి మరోదానికి గెంతించి శత్రువుకు చిక్కకుండా చేసే పద్ధతి ఉంది. నేటి రేడియోలు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోని అనేక ఛానళ్ల మీద సెకనుకు ఎన్నోసార్లు గెంతుతాయి. ఒక ఛానల్లో అడ్డంకి ఉన్నా తర్వాతి గెంతులో ఆదేశం చేరుతుంది. అందువల్ల ఒకే మైదానంలో పదుల కార్లు ఒకేసారి తిరగగలుగుతున్నాయి. తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లే కాబట్టి ఏంటెనా కూడా వేలెడంత అయింది.

మధ్య శ్రేణి అంటే

ధరను బట్టి గీత గీస్తే అది ఏటా చెరిగిపోతుంది. సౌకర్యాలను బట్టి చెప్పడమే నిలకడగా ఉంటుంది. ఒక రేడియోను మధ్య శ్రేణిదిగా లెక్కించడానికి సాధారణంగా ఈ లక్షణాలు ఉండాలి: కనీసం మూడు ఛానళ్లు (ఇక్కడ ఛానల్ అంటే విడిగా అదుపు చేయగల ఒక్కో పని), కనీసం పది కార్ల అమరికలను విడివిడిగా దాచుకునే మోడల్ మెమరీ, ఆ అమరికలను చూపే తెర, విడిగా దొరికే రిసీవర్లు, సంకేతం తెగితే కారు ఏం చేయాలో మనం నిర్ణయించగల ఫెయిల్‌సేఫ్.

దీనికి దిగువన, కారుతో పాటే వచ్చే రిమోట్‌లలో తెర ఉండదు. ఒకటి రెండు గుండ్రటి మీటలతోనే సర్దుకోవాలి. పైన ఉన్న పోటీ రేడియోల్లో ఆదేశాలు మరింత వేగంగా చేరతాయి, లోహపు భాగాలు ఉంటాయి, పట్టును వేళ్ల కొలతకు తగ్గట్టు జరుపుకోవచ్చు. ఆ అదనపు ధర రేసు ట్రాక్ మీదే గిట్టుబాటు అవుతుంది.

ఎంపికలో చూడవలసిన అంశాలు

రిసీవర్ల ధర, లభ్యత: రేడియో ధరకు, ఒక రిసీవర్ ధరను కార్ల సంఖ్యతో హెచ్చించి కలపాలి. ఆ మొత్తమే అసలు ఖర్చు. మూడు నాలుగు కార్లున్న ఇంట్లో చవక రేడియో, ఖరీదైన రిసీవర్లు కలిస్తే లెక్క తలకిందులవుతుంది. రిసీవర్ విరిగినా, తడిసినా, మళ్లీ అదే రకం దేశంలో దొరుకుతుందా అన్నది కూడా కొనేముందే చూసుకోవాలి. ఒకే సంస్థ పాత, కొత్త ప్రోటోకాళ్లు కూడా ఒకదానితో ఒకటి కలవకపోవచ్చు. పెట్టె మీద సంస్థ పేరుతో పాటు ప్రోటోకాల్ పేరూ సరిపోల్చుకోవాలి.

ఛానళ్లు: స్టీరింగు, థ్రాటిల్‌లకు రెండు చాలు. మూడోది గేరు మార్చడానికో, దీపాలకో పనికొస్తుంది. రాళ్లూ గట్లూ నెమ్మదిగా ఎక్కే క్రాలర్ కార్లలో రెండు గేర్లు, ఎడమ కుడి చక్రాలు కలిసే తిరిగేలా చేసే ముందు వెనక డిఫరెన్షియల్ లాక్‌లు, తాడుతో లాగే వించ్ ఉంటాయి కాబట్టి ఐదారు ఛానళ్లు కావాలి. లోడర్, ఎక్స్‌కవేటర్ నమూనాలకు ఇంకా ఎక్కువ అవసరం. నేల మీద దూసుకుపోయే బగ్గీ ఒక్కటే నడిపేవారు ఆరు ఛానళ్లకు డబ్బు పెట్టనక్కర్లేదు.

ఫెయిల్‌సేఫ్: సంకేతం తెగిపోయిన క్షణాన కారు ఏం చేయాలో ముందే చెప్పి ఉంచే ఏర్పాటు ఇది. థ్రాటిల్ మధ్యస్థానానికి రావాలి లేదా బ్రేకు పడాలి. ఇది లేకపోతే చివరి ఆదేశం ప్రకారం కారు పరుగెడుతూనే ఉంటుంది. మూడు నాలుగు కిలోల బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తగిలితే కాలి ఎముక విరగవచ్చు. ఫెయిల్‌సేఫ్ లేని రేడియో ఎంత చవకైనా పక్కన పెట్టవలసిందే.

సర్దుబాట్లు: ట్రిమ్, కారు తిన్నగా పోయేలా మధ్యస్థానాన్ని సరిదిద్దుతుంది. ఎండ్ పాయింట్, సర్వో ఎంత దూరం తిరగాలో ఎడమకూ కుడికీ విడిగా హద్దు పెడుతుంది. ఇది సరిగ్గా లేకపోతే సర్వో ఆగవలసిన చోట ఆగక తోస్తూనే ఉండి వేడెక్కి కాలిపోతుంది. డ్యూయల్ రేట్, మొత్తం తిరుగుడును తగ్గిస్తుంది. ఎక్స్‌పో, మధ్యస్థానం దగ్గర మీట కదలికకు కారు నెమ్మదిగా స్పందించేలా, చివరల్లో పూర్తిగా తిరిగేలా చేస్తుంది. కొత్తగా నేర్చుకునేవారి చేతిలో కారు వంకరటింకరగా పోకుండా చూసేది ఎక్స్‌పోనే. వీటికి తోడు ముందు వెనక చక్రాలు రెండింటికీ స్టీరింగు ఉన్న కార్లకు ఒకే మీటతో రెండు ఛానళ్లను నడిపే మిక్సింగ్, జారే నేలకు బ్రేకును విడతలుగా వేసే ఏబీఎస్ వంటివి మధ్య శ్రేణి రేడియోల్లో ఉంటాయి.

ఆలస్యం: మీట కదిపిన క్షణానికీ చక్రం కదిలిన క్షణానికీ మధ్య కొన్ని మిల్లీసెకన్లు పడతాయి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. ఆలస్యం 20 మిల్లీసెకన్లయితే ఆ లోపు కారు 33 సెంటీమీటర్లు సాగుతుంది, 5 మిల్లీసెకన్లయితే 8 సెంటీమీటర్లు. పోటీదారుకు ఈ తేడా పెద్దది. కానీ కంటితో చూసి వేలు కదపడానికి మనిషికే సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ సమయంలో కారు మూడు మీటర్లు దాటిపోతుంది. సరదాకు నడిపేవారు ఆలస్యం తగ్గించుకోవడానికి రెట్టింపు ధర పెట్టడంలో అర్థం లేదు.

దూరం: ప్రకటనల్లో 200, 300, 400 మీటర్లని రాస్తారు. పదో వంతు కొలతలో చేసిన కారు పొడవు 40-45 సెంటీమీటర్లు. వంద మీటర్లు దాటాక అది మనవైపు వస్తోందో, అవతలికి పోతోందో కంటికి ఆనదు. కాబట్టి పెద్ద అంకె కోసం డబ్బు పెట్టడం కన్నా వంద మీటర్ల లోపు సంకేతం తెగకుండా ఉండటం ముఖ్యం. కారు రిసీవర్ ఏంటెనా నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. వంద మీటర్ల దూరానికి 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం ధారాళంగా సాగాలంటే దారి నడుమ చుట్టూ సుమారు 1.8 మీటర్ల ఖాళీ కావాలి. నేల ఆ ఖాళీలో చాలా భాగాన్ని ఆక్రమిస్తుంది. డ్రోన్‌కు కిలోమీటరు అందే సంకేతం అదే శక్తితో కారుకు వందల మీటర్లకే పరిమితం కావడానికి ఇదొక కారణం.

పట్టు: పిస్తోలు ఆకారం రేడియోలో చూపుడు వేలితో థ్రాటిల్ నొక్కుతూ రెండో చేత్తో చిన్న చక్రం తిప్పుతారు. రెండు పుల్లలున్న స్టిక్ రేడియోలో బొటనవేళ్లతో నడుపుతారు. మన దేశంలో కారు కోసం అమ్ముడయ్యేవి ఎక్కువగా పిస్తోలు రకాలే. ఎడమచేతి వాటం ఉన్నవారు చక్రాన్ని అటువైపుకు మార్చుకునే వీలున్న రకం చూసుకోవాలి. పదేళ్ల పిల్లల వేలికి ట్రిగ్గర్ అందుతుందో లేదో కూడా కొనేముందు పట్టుకుని చూస్తే తెలుస్తుంది.

టెలిమెట్రీ, గైరో: కారు బ్యాటరీ వోల్టేజీ, మోటారు వేడి, వేగం వంటి వివరాలను రిసీవర్ తిరిగి రేడియోకు పంపడం టెలిమెట్రీ. వీటిలో బ్యాటరీ వోల్టేజీ ఒక్కటే అందరికీ పనికొచ్చేది. లిథియం పాలిమర్ బ్యాటరీ హద్దుకు మించి ఖాళీ అయితే మళ్లీ కోలుకోదు. గైరో ఉన్న రిసీవర్ కారు పక్కకు జారబోతే స్టీరింగును తానే కాస్త సరిదిద్దుతుంది. మట్టి మీద నడిపేవారికి ఇది మేలు. పోటీల్లో మాత్రం చాలా చోట్ల అనుమతించరు.

ప్రధాన సంస్థలు, రేడియో కుటుంబాలు

జపాన్ సంస్థలు ఫుటాబా, సాన్వా, కేవో ప్రొపో రేసు ట్రాక్‌ల మీద పాతుకుపోయినవి. ఫుటాబాలో నాలుగు ఛానళ్ల 4పిఎమ్, సాన్వాలో ఎంటి-44 మధ్య శ్రేణిలోకి వస్తాయి. సాన్వా ఎంఎక్స్-6 మూడు ఛానళ్లతో, తెర లేకుండా, నీటికి తట్టుకునే రిసీవర్‌తో వచ్చే సాదా రకం. ఈ సంస్థల పనితనం నమ్మదగినది, రిసీవర్లు ఖరీదైనవి.

అమెరికాలో హొరైజన్ హాబీ సంస్థ స్పెక్ట్రమ్ పేరుతో అమ్మే డిఎక్స్5 శ్రేణి ప్రసిద్ధం. దాని రిసీవర్లలో ఏవీసీ అనే గైరో సాయం ఉంటుంది. ట్రాక్సస్ కార్లతో వచ్చే టీక్యూఐ రేడియోకు బ్లూటూత్ మాడ్యూల్ తగిలించి ఫోనునే తెరగా వాడుకోవచ్చు. అయితే అది ట్రాక్సస్ కార్ల లోకానికే పరిమితం.

చైనా సంస్థలు మధ్య శ్రేణి ధరలను నేలకు దించాయి. ఫ్లైస్కై జిటి3బి మూడు ఛానళ్లు, పది మోడళ్ల మెమరీతో చాలా ఏళ్లు చవక రేడియోలకు కొలబద్దగా నిలిచింది. అభిరుచిదారులు దాని లోపలి సాఫ్ట్‌వేర్‌ను తిరగరాసి మరిన్ని సౌకర్యాలు జోడించుకున్నారు. తర్వాత వచ్చిన జిటి5 ఆరు ఛానళ్లది, గైరో ఉన్న రిసీవర్‌తో వస్తుంది. నోబుల్ ఎన్‌బి4 రంగుల స్పర్శ తెర, లిథియం బ్యాటరీ, కొత్త ప్రోటోకాల్‌తో ఒక మెట్టు పైన ఉంటుంది. రేడియోలింక్ ఆర్‌సి6జిఎస్‌కు కూడా గైరో రిసీవర్ ఉంది. డంబోఆర్‌సి ఎక్స్6 ఇంకా చవక రకం, చిన్న క్రాలర్లు కట్టుకునేవారు ఎక్కువగా వాడతారు.

ఈ మధ్య నాలుగో దారి తెరుచుకుంది. ఎడ్జ్‌టీఎక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నడిచే రేడియోమాస్టర్ ఎంటి12 పిస్తోలు ఆకారంలో వచ్చింది. ఇందులో ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ అనే బహిరంగ ప్రోటోకాల్ రకం ఒకటి, పలు సంస్థల ప్రోటోకాళ్లను మాట్లాడగల మల్టీ ప్రోటోకాల్ రకం మరొకటి ఉన్నాయి. ఒకే సంస్థ రిసీవర్లకు కట్టుబడే అవస్థ దీనితో తగ్గుతుంది. బదులుగా మెనూలన్నీ మనమే నేర్చుకోవాలి. కొత్తవారికి మొదట్లో కష్టమనిపిస్తుంది.

భారతదేశంలో నిబంధనలు

మన దేశంలో రేడియో తరంగాల వాడకాన్ని కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ (డబ్ల్యూపీసీ) విభాగం చూస్తుంది. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ పరిధిలో తక్కువ శక్తి పరికరాలను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005 జనవరిలో నోటిఫికేషన్ వెలువడింది. ప్రసార శక్తికి 1 వాటు, ఏంటెనా నుంచి వెలువడే సమర్థ శక్తికి 4 వాట్లు గరిష్ఠ హద్దు. ఐరోపాలో ఈ హద్దు 100 మిల్లీవాట్లే. రేడియో తయారీదారులు అక్కడా ఇక్కడా అమ్ముకోవడానికి వీలుగా ఎక్కువగా ఆ ఐరోపా హద్దుకు దగ్గరగానే శక్తిని ఉంచుతారు. పాత తరం 27 మెగాహెర్ట్జ్ రేడియోలు కూడా 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న లైసెన్సు అక్కర్లేని పరిధిలోకి వస్తాయి.

వాడేవారికి లైసెన్సు అక్కర్లేకపోయినా, దిగుమతి చేసి అమ్మేవారు ఆ మోడల్‌కు డబ్ల్యూపీసీ నుంచి ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ (ఈటీఏ) పొందాలి. సరళ్ సంచార్ పోర్టల్‌లో స్వీయ ధ్రువీకరణతో దీన్ని తీసుకుంటారు. విదేశీ వెబ్‌సైటు నుంచి నేరుగా తెప్పించుకునే రేడియో ఈ అనుమతి లేక కస్టమ్స్ వద్ద నిలిచిపోవచ్చు.

సుంకాల్లోనూ తేడా ఉంది. పూర్తి బొమ్మ కారు బొమ్మల శీర్షిక 9503 కిందకు వస్తుంది. బొమ్మల మీద ప్రాథమిక కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. విడిగా వచ్చే రేడియో రిమోట్ కంట్రోల్ పరికరాలకు 8526 92 అనే వేరే శీర్షిక ఉంది. 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. విద్యుత్ బొమ్మలకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15644.

ప్రత్తిపాడు మైదానంలో వాడకం

గుంటూరు నుంచి పర్చూరు వెళ్లే దారిలో ప్రత్తిపాడు, దాని దిగువన పెదనందిపాడు, ఆపైన పాత ప్రకాశం జిల్లా ఊళ్లు నల్లరేగడి భూములవి. ఖరీఫ్‌లో పత్తి, మిర్చి. సంక్రాంతి నుంచి వేసవి దాకా మిరప కోతలు, కళ్లాల్లో ఎండబెట్టడం. కారు నడపడానికి ఇక్కడ దొరికే చోట్లు బడి ఆటస్థలం, పంట తీసిన చేను, ఊరి బయట డొంక.

పత్తి చేను నడుము ఎత్తుకు పెరిగి ఉన్నప్పుడు గట్టు మీద నిలబడి సాళ్ల మధ్యకు కారును వదిలితే సంకేతం త్వరగా బలహీనపడుతుంది. ఆకుల్లోని నీరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను పీల్చుకుంటుంది, మొక్కలు చూపునూ అడ్డుకుంటాయి. కోతలైపోయిన ఖాళీ చేలో అదే రేడియో ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. రేడియోను ఛాతీ ఎత్తున పట్టుకుని, ఏంటెనా కొసను నేరుగా కారువైపు గురిపెట్టకుండా నిలువుగా ఉంచాలి. ఏంటెనా పక్కలకు వెదజల్లినంతగా కొస దిక్కుకు ప్రసరించదు.

నల్లరేగడి వానకు జిగురుగా మారి చక్రాలకు, సర్వో చేతికి పట్టుకుంటుంది. ఎండకు బీటలు వారి మెత్తని దుమ్ము అవుతుంది. ఆ దుమ్ము రేడియో చక్రం సందులోంచి లోపలికి చేరితే పొటెన్షియోమీటరు అరిగి, చేయి కదపకపోయినా కారు స్టీరింగు వణుకుతుంది. తాకిడి లేకుండా పనిచేసే హాల్ సెన్సర్ ఉన్న రేడియో ఇటువంటి చోట ఎక్కువ కాలం మన్నుతుంది. పెట్టెలో పెట్టేముందు పొడి కుంచెతో దులపడం, నడవనప్పుడు సంచిలో ఉంచడం అలవాటు చేసుకోవాలి. మిరప కళ్లాల పక్కన నడిపిన చేతులతో కళ్లు తుడుచుకోకూడదు, రేడియో పట్టుకు అంటిన కారమూ చాలాసేపు పోదు. కాయలు ఆరబోసి ఉన్న కళ్లాల్లో కారు తిప్పడం ఎలాగూ తగదు. రైతు ఏడాది కష్టం అక్కడ పరిచి ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. ఎండలో రంగుల స్పర్శ తెర వెలవెలబోతుంది. వెలుగును తిప్పికొట్టే నలుపు-తెలుపు తెర చక్కగా కనిపిస్తుంది. తెర ఎంత ఆకర్షణీయంగా ఉందన్నది దుకాణం నీడలో కాకుండా ఎండలోకి తెచ్చి చూడాలి. లిథియం బ్యాటరీ ఉన్న రేడియోను మూసిన కారులోనో, మోటారు సైకిలు డిక్కీలోనో వదిలితే బ్యాటరీ ఉబ్బవచ్చు. పల్లెల్లో పెన్సిల్ సెల్ ప్రతి కిరాణా కొట్టులో దొరుకుతుంది. అందుకే నాలుగు పెన్సిల్ సెల్‌లతో నడిచే రేడియోకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. తిరిగి ఛార్జి చేసుకునే నికెల్ సెల్‌లు వాడేవారు ఒక్కో సెల్ 1.5 బదులు 1.2 వోల్టులే ఇస్తుందని గుర్తుంచుకుని, తక్కువ బ్యాటరీ హెచ్చరిక హద్దును ఆ మేరకు తగ్గించుకోవాలి.

పిచికారీ డ్రోన్ల రేడియోతో తేడా

ఈ మైదానంలో జనం ఈ మధ్య ఎక్కువగా చూస్తున్న రేడియో కంట్రోల్ వాహనం పిచికారీ డ్రోన్. 2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు మిరప తోటలను తుడిచిపెట్టినంత పని చేసింది. పత్తిలో గులాబీ రంగు కాయతొలుచు పురుగు బెడద ఉంది. కూలీల కొరత, మందు నీళ్లు ఒంటిమీద పడే ముప్పు కలిసి డ్రోన్ల వైపు చూపు మళ్లించాయి. సుమారు పది లీటర్ల ట్యాంకు ఉన్న డ్రోన్ ఎకరాన్ని పది నిమిషాల లోపే చుట్టేస్తుంది. గుంటూరు దగ్గర లాంలో ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం డ్రోన్ పైలట్ శిక్షణ ఇస్తోంది.

డ్రోన్ రేడియోలు కూడా చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి. అయినా వాటికి వర్తించే చట్టం వేరు. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో, 2 కిలోల లోపువి మైక్రో, 25 కిలోల లోపువి స్మాల్. స్మాల్ తరగతి డ్రోన్ ఎగరేయడానికి 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసై, శిక్షణ పొంది రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. కారు నడపడానికి ఇవేవీ అక్కర్లేదు. ఫెయిల్‌సేఫ్ అర్థమూ మారుతుంది: సంకేతం తెగితే కారు ఆగిపోవాలి, డ్రోన్ మాత్రం బయలుదేరిన చోటికి తిరిగి రావాలి. కాబట్టి కారు కోసం కొన్న పిస్తోలు రేడియోను డ్రోన్‌కు వాడాలని ఆశించకూడదు. రెండూ నడపాలనుకునేవారు కూడా వేర్వేరు రేడియోలు ఉంచుకోవడమే మేలు. పొలంలో డ్రోన్ ఎగురుతున్నప్పుడు దాని కింద, పక్కన కారు నడపడం మానుకోవాలి. ఆపరేటర్ దృష్టి చెదురుతుంది, మందు తుంపర మీద పడుతుంది.

అమరిక, పరీక్ష, నిర్వహణ

రిసీవర్ ఏంటెనా చివర 31 మిల్లీమీటర్ల మేర పై తొడుగు లేకుండా ఉంటుంది. ఇది తరంగం పొడవులో నాలుగో వంతు. ఈ భాగాన్ని కత్తిరించకూడదు, మడవకూడదు. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి నిలువుగా నిలపాలి. మోటారు, ఈఎస్‌సి, కార్బన్ ఫైబర్ పలకలకు దూరంగా ఉంచాలి. నడుస్తుండగా రిసీవర్ ఆగి మళ్లీ మొదలవుతుంటే తప్పు రేడియోదని వెంటనే తీర్మానించకూడదు. బలమైన సర్వో ఒక్కసారిగా విద్యుత్తు లాగినప్పుడు ఈఎస్‌సి ఇచ్చే వోల్టేజీ పడిపోయి రిసీవర్ నిలిచిపోవడం తరచు జరుగుతుంది.

నడిపే ముందు రేడియో స్విచ్ వేసి, తర్వాతే కారు స్విచ్ వేయాలి. ఆపేటప్పుడు కారును ముందు ఆపాలి. క్రమం తప్పితే రేడియో లేని కారు అదుపు లేకుండా దూకవచ్చు. ఫెయిల్‌సేఫ్ పరీక్షకు కారును ఒక ఇటుక మీద పెట్టి చక్రాలు గాలిలో తిరిగేలా కొద్దిగా థ్రాటిల్ ఇచ్చి రేడియోను ఆపాలి. చక్రాలు వెంటనే ఆగితే అమరిక సరైనదే. కొత్త రిసీవర్ బైండ్ చేసిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి, ఎందుకంటే బైండ్ చేయడంతో పాత ఫెయిల్‌సేఫ్ చెరిగిపోవచ్చు. దూరం పరీక్షకు ఒకరు కారు పట్టుకుని నడిచి వెళ్తుంటే మరొకరు స్టీరింగు కదుపుతూ ఉండాలి. చక్రాలు తడబడిన చోటే ఆ మైదానంలో ఆ కారుకు హద్దు.

వాడకాన్ని బట్టి ఎంపిక

ఒక్క బగ్గీతో మొదలుపెట్టే కుటుంబానికి మూడు నాలుగు ఛానళ్లు, పది మోడళ్ల మెమరీ, పెన్సిల్ సెల్‌లతో నడిచే రేడియో చాలు. గైరో రిసీవర్ ఉంటే మట్టి నేల మీద నేర్చుకోవడం తేలిక. క్రాలర్లు కట్టుకునేవారు ఆరు ఛానళ్లకు, మిక్సింగుకు ప్రాధాన్యమివ్వాలి. వారికి ఆలస్యం పెద్ద లెక్క కాదు. మూడు నాలుగు కార్లున్నవారు రిసీవర్ ధరను మొదటి ప్రమాణంగా పెట్టుకుని చైనా కుటుంబాన్ని గానీ, మల్టీ ప్రోటోకాల్ రేడియోను గానీ ఎంచుకోవచ్చు. పోటీలకు వెళ్లాలనుకునేవారు తమతో నడిపేవారు ఏ సంస్థ రేడియోలు వాడుతున్నారో చూసి అదే తీసుకుంటే అరువు రిసీవర్, సలహా రెండూ అక్కడే దొరుకుతాయి. ఎవరికైనా సరే, రెండు రేడియోల మధ్య సందేహం వస్తే ఏ రిసీవర్ మరో ఐదేళ్ల తర్వాత కూడా కొనగలమో దాని రేడియోకే ఓటు వేయాలి.